గరిటె అడుగుదాకా

షెఫీల్డ్‌లో ఏ రోడ్డెక్కినా ఎగువో దిగువో తప్పదు. అలాంటి ఒక ఎగువ కొసన ఉన్న ప్రైమరీ స్కూల్లో మధ్యాహ్నం భోజనాల క్యూ ఒకరోజు తల నుంచి మొదలైతే మర్నాడు తోక నుంచి మొదలవుతుంది. కొత్తగా చేరిన టీచర్లు ఇదేం విడ్డూరమని ముక్కున వేలేసుకుంటారు. క్యూ అంటే ఇంగ్లండులో మామూలు సంగతి కాదు మరి. వాన దంచికొడుతున్నా, వచ్చిన బస్సు ఖాళీగా ఉన్నా, ముందు నిలబడినవాడే ముందు ఎక్కాలి. ఆ వరస తప్పినవాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనరు గానీ, ఆ చూపులకే మనిషి సగమైపోతాడు. అంతటి దేశంలో క్యూను తిరగేసిన ఘనురాలు ఎవరయ్యా అంటే, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నాగేశ్వరి.

చూస్తే అంత పని చేసిందని ఎవరూ అనుకోరు. పొట్టి మనిషి. జుట్టుకు వల, ఒంటికి నీలం ఏప్రన్, చేతిలో పొడుగు గరిటె. పిల్లలు ఆమెను మిసెస్ నాగ్ అంటారు. ఇంటిపేరు పలకడానికి వాళ్ళు రెండు వారాలు కుస్తీపట్టి వదిలేశారు.

ఆమె ఈ ఊరికి వచ్చింది 2011లో. భర్త సదాశివానికి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురు సాత్వికకు అప్పటికి మూడేళ్ళు. సదాశివం పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. పాపను నర్సరీలో దింపి వచ్చాక ఆ ఫ్లాట్‌లో నాగేశ్వరికి మాట్లాడేందుకు దిక్కు ఉండేది కాదు. ప్రొద్దుటూరులో వీధిలోకి తల పెడితే చాలు, పది గొంతులు పలకరించేవి. ఇక్కడ ఎదురు ఫ్లాట్ ఆవిడ కనిపించినప్పుడల్లా నవ్వేది, "వాన" అనేది, తలుపు వేసుకునేది. నవ్వు మంచిదే, వాన కూడా నిజమే. కానీ మూడేళ్ళపాటు ఆ రెండింటితోనే సరిపెట్టుకోమంటే ఏ మనిషికైనా పిచ్చెక్కుతుంది.

2014 సెప్టెంబరులో ప్రభుత్వం చిన్న తరగతుల పిల్లలందరికీ బళ్ళో భోజనం ఉచితం చేసింది. అంతవరకు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్న పిల్లలంతా ఒక్కసారిగా క్యూలోకి వచ్చిపడ్డారు. సాత్విక చదివే స్కూల్లో వంటింటికి మనుషులు కావాలని గేటు దగ్గర కాగితం అంటించారు. నాగేశ్వరి గుండె చిక్కబట్టుకుని లోపలికెళ్ళి అడిగింది. క్రిస్మస్ సెలవుల దాకా చూసి, పనితీరు నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆరోజు ఆమె దిగువ రోడ్డులో దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చింది.

"ఇంట్లో ఏం తక్కువైందని? ఎందుకీ తిప్పలు?" అన్నాడు సదాశివం.

"ఈ దేశంలో నా కోసం ఎదురుచూసే చోటు ఒగటన్నా ఉండల్ల గదా," అంది నాగేశ్వరి. "పదకొండు గంటలకు నేను పోకపోతే 'యాడికిపోయింది ఈమె' అని అడిగేవాళ్ళు ఉండల్ల. నాకు అది చాలు."

ఆ మూడేళ్ళలో ఆమె ఎంత ఒంటరిదైపోయిందో సదాశివానికి అప్పుడే తెలిసింది.

వంటింటికి పెద్ద మౌరీన్. పెళ్ళి కాకముందు నుంచీ అక్కడే పనిచేస్తున్న మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, కానీ నోరే ముందు వినబడేది. అందరినీ "లవ్" అని పిలిచేది. కూరగాయల లారీ తోలేవాణ్ణీ, హెడ్‌టీచరునూ, ఉడకని బంగాళాదుంపనూ కూడా. బార్లీ గింజలు, క్యారట్, దుంపలు వేసి ఆమె కాచే స్ట్యూ ఆ బడిలో పేరుమోసింది. అది వాళ్ళమ్మ నేర్పిన వంట. నాగేశ్వరికి ఆ స్ట్యూ వడ్డించే పని అప్పజెప్పారు.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. ఆ చిక్కు షెఫీల్డ్‌లో పుట్టింది కాదు. ప్రొద్దుటూరులో, ఆమె అవ్వ శేషమ్మ చెప్పిన ఒక కథలో పుట్టింది.

నాగేశ్వరి చిన్నప్పుడు వేసవిలో మిద్దె మీద పడుకుని రోజూ అదే కథ అడిగేది. రాజుల కథలొద్దు, దయ్యాల కథలొద్దు, యుద్ధం కథే కావాలి. అది నిజంగా జరిగిందో, ఎవరన్నా అల్లారో అవ్వకే తెలియదు.

బర్మా యుద్ధంలో మనవాళ్ళ దళం ఒకటి అడవుల్లో పడి వెనక్కి వస్తోంది. పైన వాన, కింద బురద. దళానికి వంటవాడు రామలింగయ్య. బియ్యం నిండుకున్నాయి. మిగిలిన గింజలన్నీ ఊడ్చి ఒక గుండిగెడు గంజి కాచాడు. పైనంతా నీళ్ళే, అడుగున మెతుకులు. సిపాయిలు డబ్బాలు పట్టుకుని బారు తీరారు. పై అధికారి వచ్చి, నా మనుషులకు అడుగు నుంచి తోడు, తక్కినవాళ్ళకు పైది పొయ్ అన్నాడు. రామలింగయ్య చేతులు జోడించి, "గరిటెకు కండ్లు లేవు దొరా," అన్నాడు. ప్రతి మనిషికీ గరిటె అడుగుదాకా దింపి, కలిపి, అప్పుడు పోశాడు. అందరికన్నా చివర నిలబడినవాడు పట్టుబడిన జపాను సిపాయి. నడుముకు తాడు. వానికి పై నీళ్ళు చాల్లే అన్నారు అందరూ. రామలింగయ్య వానికీ అడుగు కలిపి పోశాడు. గుండిగ ఖాళీ అయింది. వంటవానికి చుక్క మిగల్లేదు. ఆ సిపాయి ఒక గుక్క తాగి, ఖాళీ గుండిగ కేసి చూసి, తన డబ్బాలోది సగం రామలింగయ్య డబ్బాలోకి వంచాడు.

"ఎంగిలి అనుకోలే, ఏమనుకోలే," అనేది అవ్వ. "గటగటా తాగినాడు. పాపా, నీ చేతికి గరిటె వచ్చిందంటే అది అడుగుదాకా పోవల్ల. మొదటోనికీ చివరోనికీ ఒగటే గంజి."

ఆ మాట నాగేశ్వరికి ఎముకల్లో ఇంకిపోయింది. పెళ్ళిళ్ళలో సాంబారు వడ్డించినా, ఇంట్లో పులుసు పోసినా అడుగు కలపందే గరిటె ఎత్తేది కాదు. షెఫీల్డ్ స్కూల్లోనూ అంతే. లోతైన గిన్నెలో బార్లీ అడుగుకు దిగిపోతుంది. ఆమె ఒక్కో పిల్లకూ, ఒక్కో పిల్లవాడికీ గరిటె నేలదాకా దింపి, రెండు చుట్లు తిప్పి, పైకి తీసి, చూసుకుని పోసేది. పోసి ఒక నవ్వు కూడా నవ్వేది. చూసేవాళ్ళకు ముచ్చటే. వెనక నిలబడ్డవాళ్ళకు మాత్రం కాళ్ళు లాగేవి.

ఇంకో ముడి కూడా పడింది. ఆ వంటింట్లో పనివాళ్ళు పిల్లలు రాకముందే కూర్చుని తినేస్తారు. వడ్డించడానికి ఓపిక కావాలి గదా, అది అక్కడి పద్ధతి. పసిపిల్లలు ఆకలితో ఉండగా వండినవాళ్ళు ముందు తినడమేమిటని నాగేశ్వరికి చేయి ఆడేది కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వడ్డించే చేయి చివరనే తినడం చూసిన మనిషి. మౌరీన్ గిన్నె ముందుకు తోసినప్పుడల్లా "లేటర్, లేటర్" అనేది. ఆ తర్వాత చూస్తే గిన్నె ఊడ్చిపెట్టుకుపోయి ఉండేది. చాలారోజులు ఆమె ఖాళీ కడుపుతోనే ఇంటికి పోయింది. మౌరీన్ మాత్రం ఇంకోలా అనుకుంది. ఈ ఇండియా ఆవిడకు మా అమ్మ వంట నోటికి పట్టదు కాబోలు, ఆ మాట చెప్పలేక తప్పించుకుంటోంది అనుకుంది. వంట చేసే మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. పైకి ఏమీ అనలేదు గానీ, ఆమెతో మాట్లాడేటప్పుడు "లవ్" అనడం మానేసింది. పలకరింపు కోసమే పనిలో చేరిన నాగేశ్వరికి అది వెంటనే తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

నవంబరు మొదట్లో ఒక శుక్రవారం మౌరీన్ ఆమెను చేయి పట్టి కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. క్యూలో ఆఖరున వచ్చే తరగతి పిల్లలు అప్పుడే తిని, కోట్లు తొడుక్కుంటూ ఆట స్థలంలోకి పరుగెత్తుతున్నారు. ఒక పిల్లవాడు బంతిని కాలితో ఒక్క తాపు తన్నాడో లేదో, టీచర్ ఈల వేసింది. ఆట అయిపోయింది. పిల్లలు తలలు వేలాడేసుకుని మళ్ళీ లోపలికి నడిచారు.

"చూశావా?" అంది మౌరీన్. "రోజూ ఇదే. నువ్వు ఒక్కొక్కళ్ళకీ ఆ గిన్నె కలుపుతూ కూర్చుంటే చివరివాళ్ళకు ఆట దక్కడం లేదు. ఇది ఇలాగే సాగితే క్రిస్మస్ తర్వాత నిన్ను ఉంచమని నేను చెప్పలేను. నాకు నీ మీద కోపం లేదు. కానీ ఆ పిల్లల మొహాలు చూడు."

నాగేశ్వరి చూసింది. చూసి కళ్ళు దించుకుంది. చివరివాళ్ళకు అన్యాయం జరగకూడదనే కదా తను కలిపేది? ఆ చివరివాళ్ళ ఆటే తన చేత్తో తీసేస్తోందన్నమాట. కలపకపోతే వాళ్ళకు ఒట్టి నీళ్ళు, కలిపితే ఆట లేదు. ఎటు తిరిగినా ఆ పిల్లలకే నష్టం.

ఇంటికెళ్ళాక సాత్వికను అడిగింది. "నా లైను అంత నిదానమా పాపా?"

"మమ్, యువర్ స్ట్యూ ఈజ్ ద బెస్ట్," అంది పిల్ల, బూట్లు విప్పుతూ. "బట్ యూ ఆర్ సో స్లో."

మర్నాడు శనివారం. శనివారం పొద్దున ప్రొద్దుటూరుకు ఫోన్ చేయడం వాడుక. అక్కడ మధ్యాహ్నం అయివుంటుంది, అవ్వ తిని కూర్చుని ఉంటుంది. చెవులు కాస్త మందగించినా గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

"అవ్వా, నువ్వు చెప్పిన కథ నా కొంప ముంచేట్టు ఉండాది," అని మొదలుపెట్టి నాగేశ్వరి ఉన్నదంతా వెళ్ళగక్కింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "నేను ఏం తప్పు చేసినా? రామలింగయ్య చేసిందే గదా చేసినా?"

"రామలింగయ్య మర్నాడు ఏం చేసినాడో నీకు తెలుసునా?" అంది అవ్వ.

"మర్నాడా? మర్నాడు ఏముంది? కథ ఆడికే అయిపోయింది గదా."

"కథ యాడ అయిపోయింది? నువ్వు నిద్రపోతాంటివి," అని అవ్వ నవ్వింది. "గంజి సగం వంచినాడనేసరికి నీ నోరు తెరుచుకునేది, గురక మొదలు. మిగిలింది నేను చుక్కలకు చెప్పుకుంటాంటి. విను ఇప్పుడన్నా. తెల్లారి ఒక ఊర్లో బియ్యం దొరికినాయి. మళ్ళా గంజి కాచినాడు. అందురూ బారు నిలబడినారు. రామలింగయ్య గరిటె పట్టుకోని నేరుగా బారు కొసకు పోయినాడు. ఆ తాడు కట్టినోన్ని ముందు పిలిచినాడు. దొర కండ్లెర్రజేసినాడు. దానికి ఈయనేమన్న్యాడో తెలుసునా? 'నిన్న అందురూ తాగేంతసేపూ వీడు వానలో నిలబడి చూసినాడు దొరా. గంజి ఒగటే పోసినా గానీ, కాచుకోవడం ఒగటే చేయలేదు నేను,' అన్న్యాడంట."

ఇన్నేళ్ళు ప్రాణంగా దాచుకున్న కథను నాగేశ్వరి సగమే విన్నదన్నమాట. సిగ్గేసింది, నవ్వొచ్చింది, అవ్వను ఇప్పుడే వాటేసుకోవాలనిపించింది. "మిగిలింది దాచిపెట్టినావు గదా నా కోసరం," అంది ముక్కు ఎగబీలుస్తూ.

సోమవారం ఆమె వేళకన్నా ముందే వంటింటికి పోయింది. మౌరీన్ క్యారట్లు తరుగుతోంది. ఆ వారమంతా అందరి కోట్ల మీదా ఎర్ర కాగితపు పూలు. యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే రోజులవి. మౌరీన్ ఏప్రన్‌కీ ఒకటి గుచ్చి ఉంది. నాగేశ్వరి ఆ పువ్వును చూపించి, మా వైపు కూడా ఒక యుద్ధం కథ ఉంది, చెప్పనా అంది. వచ్చిన ఇంగ్లీషు, రాని ఇంగ్లీషు కలిపి, మాట దొరకని చోట గరిటె తిప్పి చూపిస్తూ, అడవినీ వాననూ గుండిగనూ తాడు కట్టిన సిపాయినీ చెప్పింది. వంటవాడు చివరికి ఖాళీ గుండిగ ముందు నిలబడిన చోట మౌరీన్ కత్తి ఆగింది.

"అయితే," అంది మెల్లగా, "నువ్వు మాతో తినకపోవడం... మా వంట నచ్చక కాదా?"

"నచ్చక?" నాగేశ్వరి తెల్లబోయింది. "రోజూ ఆ వాసనకు నా ప్రాణం పోతాది! పిల్లలు తినకుండా నేనెట్ల తినేది? ఆ తర్వాత చూస్తే ఏమీ ఉండదు."

మౌరీన్ కత్తి కింద పెట్టింది. పెద్దగా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల వల్లనే అంది. అక్కడ తరిగినవి మాత్రం క్యారట్లు.

అప్పుడు నాగేశ్వరి ధైర్యం చేసి అసలు సంగతి అడిగింది. క్యూ ఒకరోజు ముందు నుంచి, ఒకరోజు చివరి నుంచి మొదలుపెడదామా అని. మౌరీన్ మొహం చూస్తే చర్చిలో చెప్పులు విసరమన్నట్టు అయింది. "క్యూ? చివరి నుంచా?" అని రెండుసార్లు అడిగింది. కాసేపు స్ట్యూ కలుపుతూ ఆలోచించి, "హెడ్‌టీచర్‌ను నేను అడుగుతాను," అంది. "కానీ అది సగం పనే. నువ్వు ఈ బావిలాంటి గిన్నెలో ఈత కొట్టడం కూడా ఆగాలి." లోపలికెళ్ళి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న రెండు పళ్ళేలు తెచ్చింది. వాటిలో స్ట్యూ పోస్తే అడుగు చేతికి అందేంత దగ్గర. ఒక్క తిప్పుతో బార్లీ పైకి వచ్చేస్తుంది. ఇన్నాళ్ళూ ఈ మాట తనకే ఎందుకు తట్టలేదా అని నాగేశ్వరి నొచ్చుకుంది. మౌరీన్ అదేం పట్టించుకోలేదు.

హెడ్‌టీచర్ సరేనన్నాక, మొదటి రోజు గోల గోల అయింది. చివరి తరగతివాళ్ళు ముందుకు రమ్మంటే నమ్మక, ఏదో తప్పు చేశామేమోనని ఒకరినొకరు తోసుకున్నారు. ఎప్పుడూ ముందుండే పిల్లలు ఇది అన్యాయమని కాళ్ళు నేలకేసి కొట్టారు. "మీ వంతు రేపు, లవ్," అని మౌరీన్ ఒక్క అరుపు అరిచింది. ఆరోజు మధ్యాహ్నం నాగేశ్వరి కిటికీలోంచి చూస్తే, ఆ బంతి పిల్లవాడు ఆట స్థలంలో అలుపొచ్చేదాకా పరుగెత్తుతూనే ఉన్నాడు. నాలుగు రోజులు పోయాక క్యూ కూడా కుదుటపడింది. గరిటె అడుగుదాకా పోతూనే ఉంది, ఈల లోపల అందరూ ఎంతో కొంత ఆడుకుంటూనే ఉన్నారు. నాగేశ్వరి మాత్రం మౌరీన్ తన కోసం తీసిపెట్టిన గిన్నెను కూడా రెండోసారి వచ్చిన పిల్లలకే పోసేసేది.

ఇన్ని జరిగినా, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మౌరీన్ ఒక్క ముక్క చెప్పలేదు. డిసెంబరు గడుస్తున్న కొద్దీ నాగేశ్వరికి నిద్ర పట్టడం మానేసింది. సెలవులకు ముందు ఆఖరి రోజు రానే వచ్చింది. ఆరోజు స్ట్యూకు పిల్లలు రెండోసారి, మూడోసారి కూడా వచ్చారు. టీచర్లూ వచ్చి నిలబడ్డారు. నాగేశ్వరి అందరికీ అడుగు కలిపి పోసింది. పళ్ళేలు రెండూ తుడిచినట్టు ఖాళీ అయ్యాయి. ఆమె వాటిని కడగడానికి పట్టుకుపోతుంటే, "అవి అక్కడ పెట్టు, ఇలా రా," అని పిలుపు వచ్చింది.

మౌరీన్ హాల్లో పసిపిల్లల బల్ల దగ్గర, ఆ చిట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంది. ముందు ఒక్క గిన్నె స్ట్యూ. అందరితోపాటు పిల్లలకన్నా ముందే తినే మనిషి ఆరోజు తినలేదు. తన వంతు పక్కన పెట్టుకుని, వడ్డన అంతా అయ్యేదాకా ఆగింది. ఆకలికి తాళలేక అప్పుడే ఒక చెంచా నోట్లో పెట్టుకున్నట్టుంది, పెదవి మీద తడి ఇంకా ఆరలేదు.

"కూర్చో. పొద్దున ఆఫీసులో చెప్పేశాను," అంది. "జనవరిలో నువ్వు రాకపోతే నేను మీ ఇంటికొచ్చి లాక్కొస్తాను, లవ్."

నాగేశ్వరి ఎదురు చిట్టి కుర్చీలో కూలబడింది. మౌరీన్ ఇంకో ఖాళీ గిన్నె ముందుకు లాగింది. తన చెంచా గిన్నె అడుగుదాకా దింపి, బార్లీ అంతా పైకి వచ్చేలా ఒక చుట్టు తిప్పింది. తర్వాత సగానికి సగం నాగేశ్వరి గిన్నెలోకి వంచింది.

ఇంట్లోనైతే ఒకరు నోట పెట్టిన చెంచా ఇంకొకరి గిన్నెలో ముంచితే నాగేశ్వరి ఊరుకునేది కాదు. ఆరోజు గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని తాగింది. వేడిగా, ఉప్పగా, మెత్తగా ఉంది బార్లీ. ఇన్నాళ్ళు వేల గిన్నెల్లో పోసిన స్ట్యూ రుచి ఆమెకు ఆరోజే తెలిసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. మౌరీన్ కూడా చూడనట్టే తన సగం తాను తింటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ప్రొద్దుటూరుకు ఫోన్ వెళ్ళింది.

"అవ్వా, నిన్న నాగ్గూడా పోసినారు," అంది నాగేశ్వరి.

"అడుగు కలిపినారా?" అని అడిగింది అవ్వ.

"కలిపినారవ్వా."